నల్ల అట్ట కేసెట్టు

బరంపురం స్టేషను బయట గోనెపట్టా మీద
పాతిక రూపాయలకి మూడు.
నేను రెండు ఏరుకున్నాక
మూడోది వాడే పడేశాడు సంచిలో,
ఎవరూ కొననిది.

నల్ల అట్ట. మూలన సగం మొహం.
స్టేడియాలు ఊపేసిన గాయకుడే,
ఈసారి మాత్రం ఎవర్నీ లేచి ఆడమనడు.
డ్రమ్ము కూడా ఎక్కడో పక్కింట్లో
ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"ఇదేటి బావూ, సావింట్లో పాటనాగుంది"
అన్నాడు మా లైన్‌మేను తవిటినాయుడు.
అన్నాడే గానీ ఆపలేదు.
రెండో వైపు తిప్పాడు.

నేను కవిటి సబ్‌స్టేషన్లో నైటు డ్యూటీ.
గంటకోసారి మీటర్లు చూసి
లాగుబుక్కులో అంకెలు వెయ్యడం పని.
మా ట్రాన్స్‌ఫార్మరు తెల్లార్లూ ఒకే శ్రుతిలో మూలుగుతుంది.
రెండో వైపు మూడో పాటలో
బేసు గిటారు సరిగ్గా ఆ శ్రుతి మీదే లేస్తుంది.
మొదటిసారి ఫాల్టనుకొని
టార్చి పట్టుకొని యార్డులోకి పరిగెత్తాను.
తవిటి నవ్వీ నవ్వీ దగ్గాడు.

తెలిసినవాళ్లు తర్వాత చెప్పారు,
అది అతను పడిపోయిన రోజుల సరుకు,
అమ్ముడుపోలేదు,
వినాలంటే ముందువి వినాలి గానీ, అని.
విన్నాను. బాగున్నాయి.
జీడితోటలో పిక్నిక్కుకి బాగుంటాయి.
రాత్రి రెండు దాటాక
పనసచెట్టులో గబ్బిలం తప్ప పలకరించేది లేనప్పుడు
కుర్చీ లాక్కొని పక్కన కూర్చునే గొంతు
ఇదొక్కటే.

ఇంగ్లీషు నాకు సగం, తవిటికి సున్నా.
ఒకచోట అతను ఏదో మాట పైకెత్తబోయి
అందక
ఊపిరి తీసుకొని వదిలేస్తాడు.
ఆ ఊపిరి టేపులో ఉంది. తుడిచెయ్యలేదు.
"సూడు, తంబం ఎక్కుతా సగంలో ఆగిపోనోడినాగున్నాడు."
అంతకన్నా సరైన మాట
ఏ పత్రికలోనూ ఎవరూ రాసుండరు.

ఆనక కిడ్నీలు.
మా ఉద్దానంలో అదేం వార్త కాదు.
వారానికి రెండుసార్లు సోంపేట,
మిషను పక్కన స్టూలు మీద నేను,
చెరో చెవిలో ఒక ఇయర్‌ఫోను.
హుషారైనవి పెట్టొచ్చు కదా అంది నర్సు.
తవిటి కళ్లు తెరవకుండానే,
"ఆ పాటలోడికి నా సంగతి తెల్దు తల్లీ."

తిత్లీ వచ్చిన రాత్రి
ఫీడర్లు ఒకటొకటే నా కళ్లముందే పడిపోయాయి.
తీగల మీద కొబ్బరిచెట్లు, రోడ్ల మీద తీగలు.
ఆఖరి ముల్లు సున్నా మీద వాలింది.
కరెంటు పోవడం మాకు కొత్తకాదు,
ఆ మూలుగు లేకుండా ఇన్ని రాత్రులు గడపడం కొత్త.

నాలుగో రాత్రి ఎవరో నాలుగు పెన్సిల్ సెల్లులు ఇచ్చారు.
పాత టేప్‌రికార్డరు. నల్ల కేసెట్టు. రెండో వైపు.
చీకట్లో ఆ బేసు లేవగానే
లైను ఛార్జయిందనుకొని
బిందెలతో ఇద్దరు ఆడవాళ్లు గేటు దాకా వచ్చేశారు.
రాలేదమ్మా, పాటది, అన్నాను.
వాళ్లు వెళ్లిపోలేదు.
బిందెలు బోర్లించి వాటిమీదే కూర్చొని
ఆ పరాయి గొంతుని సాంతం విన్నారు.
ఒకామె అడిగింది,
"ఈయనకేటి పోనాదంట?"

తెలీదన్నాను.
తవిటి ఉంటే చెప్పేవాడేమో.
వాడు పోయి అప్పటికి పదిహేను నెలలు.
ఊపిరి తీసుకునే చోట టేపు అరిగిపోయి ఉంది,
వాడు వెనక్కి తిప్పి తిప్పి విన్న చోటు.

ఆ గంటకి లాగుబుక్కులో లోడు గడిలో సున్నా వేశాను.
రిమార్కుల గడిలో ఏం రాయాలో తోచక
పాట పేరు రాశాను.
ఇన్‌స్పెక్షనుకి ముగ్గురు ఏఈలు వచ్చి వెళ్లారు,
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.