చెప్పాపెట్టకుండా

ఎనిమిది నెలలకొక కొత్త వెర్షన్.
ప్రతి మూడోదానికి మాత్రం
మూడేళ్ళ ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది,
పుట్టకముందే పోయే తేదీతో సహా.
ఈ పంచాంగంలో అధికమాసం లేదు.
వర్జ్యం ఉంది:
గురువారం మధ్యాహ్నం తర్వాత ఏదీ ఎక్కించకూడదు.

మాది షువైఖ్‌లో నీళ్ళ ట్యాంకర్ల కంపెనీ.
జహ్రా నుంచి ఫహాహీల్ దాకా
ఏ మిద్దె మీద ట్యాంకు ఎండినా
మొదట మా పేజీ మీద ఒక వేలు పడుతుంది,
తర్వాత పెషావర్ డ్రైవరొకడు ఇంజను స్టార్టు చేస్తాడు.
ఆ రెంటి మధ్య ఉన్నది నేను రాసింది కాదు.
ఆరేళ్ళ కిందట హానీ రాశాడు, మన్సూరా ఊరివాడు,
టీలో పుదీనా పడితే గానీ అతని కోడ్ కదిలేది కాదు.

ఏడాదిగా అది చెబుతూనే ఉంది
పసుపు అక్షరాల్లో, కోపం లేకుండా:
ఈ పద్ధతి పాతబడింది.
వచ్చేసారి ఉంటుంది, ఆపైసారి ఉండదు.
ఇప్పటినుంచే ఇంకోటి అలవాటు చేసుకోండి.
రోజూ చూశాను, రోజూ పైకి జరిపేశాను,
కరెంటు బిల్లును సోఫా దిండు కిందికి తోసినట్టు.
ఇక గడువు ఈ నెలాఖరు.
ఆ తర్వాత ఏ కన్నం పడినా
పూడ్చడానికి ఎవరూ రారు.

రాత్రి రెండు. ఆగస్టు. బయట ముప్పై ఎనిమిది.
ట్యాంకర్లు నిద్రపోయే వేళ చూసుకుని
పాతదాన్ని దించి కొత్తదాన్ని ఎక్కించాను.
రెండొందల పన్నెండు పరీక్షల్లో
పదిహేడు ఎర్రబడ్డాయి.
సరిగ్గా అప్పుడే సర్వర్ గది ఏసీ
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఓబులేసు ఖైతాన్ నుంచి వచ్చాడు,
కళ్ళలో నిద్ర, భుజాన నిచ్చెన.
"ఈ మోడలు కంపెనీవాళ్ళు మానుకోని శానా ఏండ్లాయ కదక్కా,
సామాను దొరకదు.
స్క్రాపులో ఒకటి చూసిపెట్టినా, అది ఏస్తా."
ఎంతకాలం వస్తుందన్నాను.
"నేనేం చెప్తా. నీది ఎంతకాలం వస్తాది?"
ఇంకా రెండేళ్ళు, అన్నాను. ఆగస్టు ముప్పయ్యొకటి దాకా.
స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకునే నవ్వాడు.
"అయితే నా అకామా కంటే ఎక్కువే బతుకుతాది."
నాదానికంటే కూడా. ఆ మాట పైకి అనలేదు.

తెల్లారేలోపు పదహారు పచ్చబడ్డాయి.
పదిహేడోది హానీది:
రంజాన్ నెలలో ఇఫ్తార్‌కి ముందు గంట
బండ్లు బయల్దేరకుండా ఆపే నాలుగు లైన్లు.
వాటిమీద అతని గమనిక,
'ఇది తాత్కాలికం. వచ్చేవారం సరిగ్గా రాస్తాను.'

ఆ వచ్చేవారం రాలేదు.
ఒక సోమవారం పదకొండింటికి
అతని బ్యాడ్జీకి తలుపు తెరుచుకోలేదు.
వచ్చేసారి లేదు, ఆపైసారి లేదు,
పసుపు అక్షరాలు లేవు.
పుదీనా డబ్బా నా బల్ల మీదికి వచ్చింది, అంతే.

ఒక చిన్న ఫంక్షన్‌ని తీసేయడానికి
పదహారు నెలల ముందు
దండోరా వేసేవాళ్ళున్నారు లోకంలో,
ఎక్కడో, చాలామంది జీతం లేకుండా,
మొహం తెలియని నాకోసం.
ఎవరు నేర్పారో వాళ్ళకా మర్యాద.

నాలుగు లైన్లూ కొత్త పద్ధతిలో రాశాను.
పైనున్న గమనిక చెరపలేదు.
తాత్కాలికం, అలాగే ఉండనీ.

ఏసీ మళ్ళీ ఊపిరి తీసుకుంది.
ఓబులేసు జేబులోంచి మార్కరు తీసి
దాని డొక్కమీద ఈరోజు తేదీ వేశాడు.
ఎప్పటిదాకా అన్నది రాయవా?
"బిగిచ్చింది ఎప్పుడో రాస్తా.
పొయ్యేది దాని ఇష్టం."

ఐదున్నరకి మంగఫ్ నుంచి మొదటి ఆర్డరు.
రెండువేల గ్యాలన్లు, కుళాయి వెనకసందులో.
ఎక్కడా తట్టుకోకుండా లోపలికి వచ్చింది.
కింద ఏదో బండి స్టార్టయింది.