పన్నెండుకి తొమ్మిది

బుధవారం రాత్రి మా ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.
నియమం నాది, నవ్వు హెద్దాది.
బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ,
దాని మీద ఎనిమిది వందల ఏళ్ళ వెండి,
ఉల్లిపొర కన్నా కాస్త మందం, అంతే.
తుమ్మితే ఊడే ముక్కు అంటారే,
ఇది తుమ్మితే ఎగిరే రాజ్యం.

ఒకసారి ఎగిరింది కూడా.
మార్చిలో, హార్ట్స్ కొండల గాలి
కిటికీ రెక్కని తోసినప్పుడు
క్వెడ్లిన్‌బుర్గ్ మఠాధ్యక్షురాలు
చేతిలో పువ్వుతో సహా
రేడియేటర్ వెనక్కి వెళ్ళిపోయింది.
మూడు రోజులు వెతికాను,
అల్లిక సూదితో, పళ్ళ డాక్టరు అద్దంతో.
నలభై ఏళ్ళు కట్టుడుపళ్ళు చేసినవాణ్ణి,
ఆ అద్దం ఒక్కటే నాకు మిగిలిన పింఛను.
దొరికింది చివరికి,
మొహం మీద బూజు మేలిముసుగుతో.

ఒక్క వైపే అచ్చు వీటికి.
కింద తోలు పరిచి పైనుంచి ఒకే దెబ్బ.
వెనక్కి తిప్పితే అదే మొహం, గుంటలో.
నాకిది కొత్త కాదు.
నోరు తెరిపించి మైనం కరిపించి
చల్లారాక బయటికి తీస్తే
చేతిలో మిగిలేది ఇదే:
మనిషి లేచి వెళ్ళిపోయాక
మనిషి ఆకారంలో ఉన్న ఖాళీ.

దాచుకోమని కొట్టిన డబ్బు కాదు ఇది.
ఏడాదికోసారి, కొన్ని ఊళ్ళలో రెండుసార్లు,
సంతలో చాటింపు:
పాత వెండి చెల్లదు.
పన్నెండు తెస్తే కొత్తవి తొమ్మిది.
మిగతా మూడూ దొరవారివి.
పాత బొమ్మలన్నీ మూసలోకి,
బిషప్పులూ సింహాలూ కోట బురుజులూ
ఒకే ముద్దయి మరిగేవి.

మరి ఇవెలా బతికాయి?
ఎవడో చాటింపుకి ముందే
కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి,
చేను గట్టున పాతిపెట్టి,
అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళాడు.
తిరిగి రాలేదు.
తిరిగొచ్చిన వాళ్ళ వెండి
ఒక్కటీ నా పెట్టెలో లేదు.

నోర్డ్‌హౌజెన్ నుంచి ఫోల్క్‌మార్ వస్తాడు నెలకోసారి,
బేరానికి ముందు కాఫీ, కాఫీకి ముందు వాతావరణం.
పదకొండేళ్ళ కిందట సగం నాణెం తెచ్చాడు.
చిల్లర లేనప్పుడు కత్తెరతో కోసేవారట,
సగం రొట్టెకి సగం బిషప్పు.
ఒక కన్ను, ఒక చెవి, వంకర తిరగని కర్ర.
రెండో సగం కోసం
మాగ్డెబుర్గ్ దాకా తిరిగాను, వేలం పాటలన్నీ చదివాను.
"ఆ సగం రొట్టె తినేసింది కదయ్యా" అంటుంది హెద్దా.
నిజమే. ఐనా చూస్తూనే ఉంటాను.

మాకూ ఒకసారి చాటింపు వేశారు.
తొంభై జూలై. హాల్బర్‌ష్టాట్ బ్యాంకు గుమ్మం ముందు
వీధి మలుపు దాటిన వరస.
ఓడిల్లా అత్త పొదుపు పుస్తకం
పిల్లి పిల్లలా ఒళ్ళో పట్టుకుని నిలబడింది.
కొంత దాకా ఒకటికి ఒకటి,
ఆపైన రెండుకి ఒకటి.
"పన్నెండుకి తొమ్మిదిచ్చిన దొర నయం" అన్నాను.
నవ్వలేదు. ఆవిడకి నా వెండి ఎప్పుడూ నచ్చలేదు.

ఆమె పోయాక వంటగది సర్దుతుంటే
పంచదార డబ్బా అడుగున
అల్యూమినియం బిళ్ళలు, గుప్పెళ్ళకి గుప్పెళ్ళు.
వరసలో నిలబడింది కదా,
వీటిని ఎందుకు తీసుకెళ్ళలేదు?
మర్చిపోయిందా, మొండికేసిందా?
ఫోల్క్‌మార్ చూసి పెదవి విరిచాడు,
"కిలో లెక్కన అమ్ముకో."

ఈ బుధవారం
అందులో ఒకటి తీసి మఖమలు మీద పెట్టాను,
సగం బిషప్పు పక్కన, కోసిన అంచు వైపు.
అతకదు. అతుకుతుందని పెట్టలేదు.
వేళ్ళకి ఇంకా పంచదార జిగట.
హెద్దా వచ్చి కిటికీ వేసింది,
నేను అడక్కుండానే.