పాత గాలి

క్లాక్స్‌విక్ రేవులో, చేపల గిడ్డంగి మీది గదిలో
రాన్వా మూడో కప్పు కాఫీ చల్లారబెట్టేసుకుంది.
నాలుగు వరుసల కోడ్.
సాకెట్ తెరువు. కొండ మీద గాలి కొలిచే గిన్నెలు
చెప్పింది విను. పడవకి చెప్పు.
మిగతాదంతా లైబ్రరీ చూసుకుంటుంది,
ఊరూ పేరూ తెలియనివాడెవడో చేసిపెట్టిన చాకిరీ.

మునుపైతే మాటిమాటికీ తలుపు తట్టాలి:
కబురుందా? లేదు. కబురుందా? లేదు.
ఇప్పుడు ఒక్కసారే తడతాం,
తీసిన తలుపు తీసినట్టే ఉంటుంది.
ముప్పై సెకన్లకోసారి "ఉన్నావా" అంటే
అవతల్నించి "ఆఁ, ఉన్నా."
ఆ పాటి మాటలతోనే
ఎన్ని కాపురాలు గడిచిపోవట్లేదు!

మంగళవారం పెనుగాలిలో ఆ "ఆఁ" రాలేదు.
లైబ్రరీ ఒక సెకనాగి పిలిచింది, రెండాగి, నాలుగాగి,
ఎనిమిదాగి,
అలిగినవాళ్ల గుమ్మం ముందు తచ్చాడినట్టు.
గాలి ఇరవై ఆరు. ముప్పై. ముప్పై ఒకటి.
కబుర్లన్నీ ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి.

తొమ్మిది నిమిషాలకి తెర మీద చుక్క పచ్చబడింది.
పద్దెనిమిది కబుర్లూ ఒక్కసారే తోసుకుంటూ పోయాయి.
పడవ నుంచి ట్రోన్డుర్ జవాబు:
"ఇందులో ఏ గాలిని నమ్మమంటావ్?
గొర్రెలు బండల చాటుకి పోవడం చూసి
ఎప్పుడో వెనక్కి తిప్పేశాను."

ఆ రాత్రి ఆమె అయిదో వరుస రాసింది:
పది సెకన్లు దాటిన కబురు పంపకు, పారెయ్.
తర్వాత ఫోన్ తీసి
మార్చి నుంచీ సగంలో ఆగిపోయిన
అక్కకి రాసిన క్షమాపణ చదువుకుంది.
దీనికి గడువెంతో తేలక
నాలుగో కాఫీ పెట్టుకుంది.