ఎన్ని చుట్టల దూరం

పూర్ణా మార్కెట్ సందులో నా టిక్కెట్ల కొట్టు ముందు
గంప దించి లోపలికొచ్చింది
మైలపల్లి కొర్లమ్మ.
పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరమని అడిగింది.

పన్నెండొందల పైచిలుకు కిలోమీటర్లు, అన్నాను.
ఆ మాట ఆమె చెవి దాకా పోలేదు.
విమానంలో రెండు గంటలు, అన్నాను.
"గంటలు నాకేటి తెలుస్తాయిరా గుంటడా,
ఎన్ని సుట్టలు పడతాదో సెప్పు."

నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ పీల్చే మనిషి.
జాలారిపేట నుంచి ఫిషింగ్ హార్బర్‌కి నడక రెండు చుట్టలు.
పెనిమిటి తెప్ప కంటికి ఆనకుండా పోడానికి ఒకటి.
తిరిగొచ్చేదాకా కాల్చినవాటికి
లెక్క లేదు.

చెల్లెలి పెళ్ళికని ఒకేసారి వెళ్ళింది, ఓడలో.
మూడు రాత్రులు.
తెచ్చుకున్న కట్టంతా అయిపోయి
ఆఖరి పూట ఖలాసీ దగ్గర అప్పు చేసిందట.
దీవి కనపడేసరికి అంగిలంతా పొక్కులు.

తర్వాత ఇద్దరికీ చెడింది,
ఒక వలలో వాటా దగ్గర.
ఇరవై ఆరేళ్ళు.
అదే సముద్రం చేపల్ని
ఆ ఒడ్డున ఒకతె, ఈ ఒడ్డున ఒకతె
తూచి అమ్ముకున్నారు.

గురువారం చెల్లెలికి ఆపరేషన్.
ఈ వారం ఓడ లేదు.
"విమానంలో చుట్ట కాల్చనివ్వరు మామ్మా" అన్నాను.
చాలాసేపు ఆలోచించింది.
"ఒక్కటీ కాల్చకుండా సేరిపోతే
అదేటి దూరవురా?
ఆ ముండతో ఏటి మాటాడాలో
ఎక్కడ కూకుని అనుకోవాల?"

బుధవారం నా స్కూటర్ మీదే దింపాను.
ఎన్.ఏ.డీ. వంతెన దాటేసరికి
యారాడ కొండ మీద మబ్బు దిగిపోయి ఉంది.
విమానం రెండున్నర గంటలు ఆలస్యం.
సూట్‌కేసుల వాళ్ళంతా గుమ్మం దగ్గర అరుస్తున్నారు.
ఆమె మాత్రం మొహం విప్పార్చి
పార్కింగ్ గోడ వారన చతికిలబడి
చుట్ట వెలిగించింది.

మొదటి చుట్టకి, "తప్పు దానిదే" అంది.
గట్టిగానే అంది, ఆటోవాడు తిరిగి చూశాడు.
రెండోదానికి, "వల నాదే గానీ..."
ఆ తర్వాత ఏమీ లేదు, నుసి రాలింది.
మూడోది సగం కాలేవరకూ
పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రాలేదు.
ఒకసారి మాత్రం
చెల్లెలి చిన్నప్పటి పేరు వినబడింది: పొట్టిగుంట.

అప్పుడు నా ఫోనుకి కబురొచ్చింది.
చుట్ట నలిపి, మిగిలిన ముక్క
కొంగున ముడేసుకుంది.
"ఇంకా కుదర్లేదురా మాట" అంది లేస్తూ.
"మీద ఇంకో రెండు గంటలున్నాది కదా."

అగ్గిపెట్టె లోపలికి రాదన్నాడు గుమ్మం దగ్గర జవాను.
నా జేబులో పడేసి వెళ్ళింది.

తిరిగొస్తుంటే కాన్వెంట్ జంక్షన్ సిగ్నల్ దగ్గర
నెత్తి మీద చప్పుడు, సముద్రం వైపు.
జేబు తడుముకున్నాను.
ఊపితే నాలుగో, ఐదో పుల్లలు.