సుంకం పాక

గ్లెన్ వేవర్లీకి రెండు దార్లు.
ఒకటి సొరంగంలోంచి, డబ్బులు పోసి.
రెండోది నాది.

మూడేళ్ళు నాదే నడిపాను.
టార్నీట్‌లో ఏడింటికే బయల్దేరి
వెనకసీట్లో పదహారు డబ్బాల ఇడ్లీపిండికి బెల్టులు పెట్టి
వెస్ట్‌గేట్ వంతెన ఎక్కి దిగి
కింగ్స్ వే దగ్గర ఎడమకి జారుకునేదాన్ని,
అప్పులవాణ్ణి చూసి సందులోకి తిరిగినట్టు.
ఆ తర్వాత డాండినాంగ్ రోడ్డు.
సిగ్నలు, ట్రాము, సిగ్నలు,
బడిపిల్లల్ని దాటించే పసుపు చొక్కా ముసలాయన,
మళ్ళీ సిగ్నలు.
మిగిలిన డాలర్లు వేళ్ళమీద లెక్కేసుకుంటుంటే
గెలిచినట్టే ఉండేది.

పిండికి లెక్కలు తెలీవు.
జనవరిలో, పొద్దున పదికే ముప్పై ఎనిమిది డిగ్రీల రోజు,
ఆర్మడేల్ దగ్గర రోడ్డు తవ్వకాల్లో ఇరుక్కుంటే
ముందు టప్‌మని ఒక మూత లేచింది.
తర్వాత అన్నీ.
సీటు మీంచి కిందికి, బెల్టు సందుల్లోంచి,
తెల్లగా, తీరిగ్గా,
ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు పొంగింది.
హైమవతి గారు వాసన చూసి
“పులిసిపోయిందమ్మా” అన్నారు, మర్యాదగానే.
మర్యాదగా డబ్బులివ్వలేదు.

ఆ వారమే, పక్కన ఇసక లారీ దారివ్వక
కింగ్స్ వే తప్పిపోయాను.
సొరంగం మింగేసింది.
దీపాలు, దీపాలు, దీపాలు.
నది అడుగున ఉన్నానన్న సంగతి
బయటికొచ్చాక గుర్తొచ్చింది.
పదిరోజులకి ఉత్తరం:
సుంకం ఇంత,
ఈ ఉత్తరం రాసినందుకు ఇంత.
రెండోదే మొదటిదాన్ని చంకనెత్తుకుని ఉంది.

ఎనిమిదో తరగతిలో గవర్రాజు మాస్టారు చెప్పారు
ఘట్టకుటీ ప్రభాత న్యాయం:
సుంకం ఎగ్గొడదామని రాత్రంతా అడ్డదార్లు తిరిగిన బండివాడికి
తెల్లారి చూస్తే ఎదురుగా సుంకం పాకే.
అప్పుడు నవ్వాం.
బండిలో ఏముందో మాస్టారు చెప్పలేదు, మేమూ అడగలేదు.
పులిసేదేదో అయ్యుంటుంది.

ఫోను చేశాను.
కారు నంబరు అక్షరాలు విడమర్చి చెప్పమంది డెస్పినా.
“పి ఫర్ పప్పు” అనేశాను.
క్షణం ఆగి
“మా పక్కింట్లో వండుతారు, నాకిష్టం” అంది.
అకౌంటు అలా తెరుచుకుంది.

అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది,
వెండికాగితం సంచిలో వచ్చింది.
అద్దం తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ తుడిచాను.
పిండిమరక ఒకటి అక్కడిదాకా ఎగిరి ఉంది, ఎలాగో.
దాని పక్కనే అతికించాను.

మర్నాడు కింగ్స్ వే దగ్గర
చెయ్యి దానంతటదే ఇండికేటరు మీదికి పోయింది.
వెనక్కి తీసుకున్నాను.
కమాను కిందికి వెళ్ళగానే
కీచ్.
అంతే.
ఆపినవాళ్ళు లేరు. చెయ్యి చాపినవాళ్ళు లేరు.

సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకోకూడదంటారు.
ఇక్కడ సుంకరే లేడు కదా,
అందుకని ఈ పెట్టెకి చెప్పుకుంటున్నా:
మినప్పప్పు ధర, అరిగిపోతున్న గ్రైండరు రాయి,
హైమవతి గారు మళ్ళీ ఆరు డబ్బాలు చెప్పడం.
అన్నిటికీ ఒకటే ఊకొట్టడం.
కీచ్.

నెలాఖరుకి లెక్క చూస్తే
కీచుకి ఇన్ని మినుములని తేలింది. గుండె గుభేలుమంది.
రోజుకో గంట మిగిలింది కూడా.
ఆ గంటతో ఏం చెయ్యాలో తెలీక
మొన్న ఖాళీ డబ్బాలతో తిరిగొస్తూ
యారా ఒడ్డున కారాపి కూర్చున్నాను.
రోజూ నా నెత్తిమీంచి పోయే నీళ్ళు ఇవేనా?
గోధుమరంగువి, ఏ తొందరా లేనివి.
ఇద్దరు కుర్రాళ్ళు పడవ తిరగేసి పడి, లేచి, నవ్వుకుంటున్నారు.

నిన్న మాత్రం పెట్టె రెండుసార్లు అరిచింది.
అకౌంటులో డబ్బులు అడుగంటాయన్నమాట.
వెనక పిండి అప్పుడే మూత తడుతోంది.
“ఉండండ్రా” అన్నాను ఇద్దరితోనూ,
“ముందు చేరనివ్వండి.”