వాసన చెప్పు

ఇందిరానగర్‌లో రెండు సందులు తప్పి
మూడో సందు ఒప్పై చేరాం.
పందొమ్మిది రోజుల ముందు అడిగితే దొరికిన బల్ల.
బల్లంటే మూరెడు చెక్క, వంటింటి కిటికీ పక్కన.
మంచి బల్లలన్నీ
మనకంటే ముందు పుట్టినవాళ్ళవి.

వకుళ మెనూ తెరవలేదు.
"నువ్వు చదువు, నేను వింటా" అంది
తడిసిన చెప్పులు బల్లకిందికి తోస్తూ.

రెండేళ్ళ కిందటి జ్వరం
పోతూ పోతూ ఆమె ముక్కుని పట్టుకుపోయింది.
అప్పట్నించీ పప్పు మాడితే
పక్కింటివాళ్ళు తలుపు కొట్టి చెప్పాలి.
కాఫీ అంటే వేడి.
మామిడిపండంటే తడి, కాస్త తీపి, పీచు.
గ్యాసు లీకైతే అరిచే యంత్రం ఒకటి కొని
దానికి మాజీ మొగుడి పేరు పెట్టింది
ఊరికే అరుస్తుందని.

మిగిలింది కారమే.
కారం రుచి కాదట, నొప్పట.
నాలుక చెప్పకపోయినా నరం చెబుతుందట.
అందుకే మిరపకాయల జాతకాలన్నీ ఆమెకి కంఠతా:
గుంటూరుది నడినెత్తిన కొడుతుంది,
బ్యాడగికి రంగే గానీ రోషం లేదు,
ఇక్కడ పసుపుపచ్చది ఒకటుందట,
చూడ్డానికి బొమ్మల పెళ్ళిలో బుల్లి దీపం,
కొరికితే ఊరు కాలినంత.

చొక్కామీద లాల్‌రిన్సంగా అని రాసున్న కుర్రాడు
ఐజ్వాల్ యాసలో కన్నడం మాట్లాడుతూ
మట్టిమూకుళ్ళు ఒక్కొక్కటే దించాడు.

"టమాటాలు నిప్పులమీద కాల్చారే" అన్నాను.
"అది వార్త.
వాసన చెప్పు."

ఆలోచించాను.
కాల్చిన వంకాయ తోలు ఒలుస్తుంటే
గోటి సందున ఇరుక్కుని
సాయంత్రం దాకా వెంటొస్తుందే, అది.
"ఊఁ. కొంచెం దగ్గరికొచ్చింది. ఆ నల్లది?"

నల్లది పులుసుకంటే చిక్కన.
కోకో, నువ్వులు, ఎండిన మిరపలు, ఇంకా ఎన్నో.
కొత్త పుస్తకాల సంచిలో
నువ్వుజీడి మరిచిపోయారు,
ఆ సంచి పక్కనే ఎవరో చుట్ట ఆర్పారు.
"చుట్ట ఎవరిది?"
"తెలీదు. పెద్దమనిషి. అలిగి వెళ్ళిపోయాడు."
నవ్వింది. నవ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అప్పుడు వినిపించింది
కిటికీ అవతల
టప్. టప్. టప్. తిప్పి, మళ్ళీ టప్.
రొట్టె వత్తే ఇనప యంత్రం మూలన ఊరికే కూర్చునుంది.
హులిగెమ్మ, కొప్పళ ఆవిడ,
జొన్నరొట్టె కొట్టిన చేతులతోనే
మెక్సికోని రెండరచేతుల మధ్య గుండ్రం చేస్తోంది.

"ఇది?"
నా దగ్గర మాట లేదు.
మొక్కజొన్నల్ని రాత్రంతా సున్నపుతేటలో నాననిచ్చారట.
పండగముందు గోడకి సున్నం కొట్టిన మధ్యాహ్నం,
గోడింకా ఆరలేదు,
అరుగుమీద ఎవరో పచ్చిపొత్తులు ఒలుస్తున్నారు,
నన్ను ముట్టుకోవద్దన్నారు,
ముట్టుకున్నాను.
అది.

వకుళ రొట్టెని నోటికి తీసుకెళ్ళలేదు.
చెంపకి ఆనించుకుంది.
చాలాసేపు.
లాల్‌రిన్సంగా వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా
నీళ్ళు నింపి వెళ్ళాడు.

తరవాత పసుపుపచ్చ దీపాన్ని
తొడిమతో సహా కొరికింది.
కళ్ళు ఎర్రబడి, చెవులు ఎర్రబడి,
ముక్కు, ఆ పనిలేని ముక్కు, ధారగా కారుతుంటే
"ఉంది! ఇక్కడుంది!" అని బల్లమీద కొట్టింది.
పక్కబల్ల జంట
మేమేదో పోట్లాడుకున్నామనుకుని
చూపులు తిప్పుకున్నారు.

బిల్లు సంగతి ఎందుకులే.
ఒక నెల కరెంటు, ఒక నెల పాలు.

తిరుగుదారిలో ఆటో
తవ్విపోసిన రోడ్డుపక్క ఆగింది.
వకుళ తన చెయ్యి నా ముఖం ముందు పెట్టింది.
"నిమ్మ" అన్నాను. "పొగ. కొంచెం సున్నం."
"అవి కాదు. వాటి కింద.
నేనేం వాసన వస్తున్నాను?
రెండేళ్ళైంది నాకు తెలిసి."

మళ్ళీ వాసన చూశాను.
వంకాయ లేదు, పుస్తకాల సంచి లేదు, గోడ లేదు.
సిగ్నలు పచ్చబడి, ఎర్రబడి, పచ్చబడింది.

"నువ్వే" అన్నాను.

"అది వార్త" అంది.
చెయ్యి మాత్రం తీసుకోలేదు.