యాభై ఐదు నిమిషాలు

మూడు వందల చిల్లర కిలోమీటర్లు.
తాష్కెంట్ నుంచి దుషాన్బేకి
మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే అంతే.
రెక్కలున్నవాడికి కూతవేటు.

ఈ కౌంటరు అద్దం వెనక పంతొమ్మిదేళ్లుగా కూర్చున్నాను.
ఊళ్ల దూరాలన్నీ నాకు ఎక్కాల్లా నోటికొచ్చు.
సియోల్, ఆరున్నర గంటలు.
ఢిల్లీ, మూడు గంటల్లోపే.
ఈ ఒక్క ఊరి దగ్గరే ఎక్కం తప్పేది.

దుషాన్బే అని ఎవరైనా అడిగితే
ఇస్తాంబుల్ మీదుగా, అనేదాన్ని
మొహం చూడకుండా, టైపు చేస్తూ.
పక్కింట్లో ఉప్పు అడగడానికి
సముద్రం దాకా పోయి రమ్మన్నట్టు.
ఐదు గంటలు పడమటికి,
అక్కడ ఇనప కుర్చీల మీద ఒక రాత్రి,
మళ్లీ నాలుగున్నర గంటలు తూర్పుకి.
అంత డబ్బు లేనివాళ్లు టాక్సీలో సరిహద్దు దాకా వెళ్లి
వీసా కాగితాన్ని కోడిగుడ్డులా పట్టుకుని నడిచేవాళ్లు.
ఆ కాగితమూ దొరకనివాళ్లు
చెల్లెలి పిల్లల పెళ్లిళ్లు ఫోన్లో విన్నారు.
కొండలు పాతవే. గీత కొత్తది.

ఇవాళ బోర్డు మీద ఆ పేరు వెలిగింది, నేరుగా.
పొద్దున్నే వచ్చేశాడు హోషిమ్‌జోన్,
నాలుగు పలకల టోపీ, ఒళ్లో గుడ్డమూట.
స్కానరు దగ్గర కుర్రాడు మూట ఆపాడు.
"తాతా, ఇందులో రాయేమిటి?"
"రొట్టె."

మా వైపు, ఊరు దాటేవాళ్లు
గడపలో రొట్టె ఒక్క కాటు కొరికి పోతారు.
మిగిలింది మేకుకి తగిలిస్తాం.
తిరిగొచ్చి వాళ్లే తినాలి.
అందాకా ఆ రొట్టె పిలుస్తూనే ఉంటుందట.
మోహిచెహ్ర కొరికిన రొట్టె
వంటింటి గోడ మీద ఇరవై నాలుగేళ్లు పిలిచింది.
గోడకి మూడుసార్లు సున్నం వేశారు,
ప్రతిసారీ దించి, మళ్లీ అదే మేకుకి.
"ఆమెకిప్పుడు మోకాళ్లు లేవవు,
అందుకని రొట్టే బయల్దేరింది," అన్నాడు.

స్కానరు కుర్రాడు మూట రెండు చేతులా తిరిగిచ్చాడు.
వాడు పుట్టేనాటికే ఆ గీత ఉంది.

అప్పుడు బోర్డు మీద, నలభై నిమిషాలు ఆలస్యం.
ఇరవై నాలుగేళ్లు కిక్కురుమనని మనిషి
నా అద్దం మీద దబదబ బాదాడు.
"నలభై నిమిషాలా! మీకు సిగ్గు లేదూ?"
నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
టీ తెప్పించి ఇచ్చాను. సగం తాగాడు.
కిటికీ సీటేనా అని ముమ్మారు అడిగాడు.
పైనుంచి సరిహద్దు కనిపిస్తుందా అని కూడా.
మంచు కనిపిస్తుంది తాతా, అన్నాను,
ఇటుపక్కదేదో అటుపక్కదేదో నాకూ తెలీదు.

పిలుపు రాగానే లేచాడు.
రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు,
అద్దం కంతలోంచి గుసగుసగా:
"పై పళ్లు రెండే మిగిలాయట దానికి.
టీలో నానబెట్టాలి.
ఎంతసేపు నానాలంటావు?"

అన్ని ఊళ్ల గంటలూ నోటికొచ్చినదాన్ని,
దానికి మాత్రం చెప్పలేకపోయాను.